ఖాళీ బండిలో మేలురకం దిమ్మలు

9 జనవరి 1944, ఆదివారం

ముందుగా క్షమాపణ. యుద్ధం మూలంగా కాగితానికి ఇంత కరువొచ్చిన రోజుల్లో వంద పేజీల నోటుబుక్కు ఒకటి నా సొంత ఘోష కోసం ఖరాబు చెయ్యబోతున్నందుకు చక్రవర్తిగారికీ, వారి సైన్యాలకీ, ఈ పుస్తకం కోసం రెండు నెలలుగా ఎదురుచూస్తున్న మా బెల్లం కొలగారానికీ, ఇంకా పుట్టని భావితరాలకీ సాష్టాంగపడి మన్నింపు వేడుకుంటున్నాను. భావితరాలు దీన్ని చదివి చెడిపోయే ప్రమాదం మాత్రం లేదు. ఇందులో నేను చేసిన పని ఏదీ ఉండదు. ఇతరులు చేసినవే ఉంటాయి. నేను ఇంతవరకూ ఏమీ చెయ్యని మనిషిని. ఈ ఒక్క విషయంలో మా నాన్నకీ నాకూ పూర్తి ఏకాభిప్రాయం ఉంది.

భావితరాల సౌకర్యార్థం: పేరు కన్నబాబు. ఊరు అనకాపల్లి. నలభై రెండు ఏప్రిల్లో, బి.ఏ. చివరి పరీక్షల ముంగిట, జపానువాడు విశాఖపట్నం మీద బాంబులు వేశాడు. హార్బరు మీద పడ్డాయని పేపర్లో రాశారు. నా బి.ఏ. మీద పడ్డ సంగతి ఎవరూ రాయలేదు. మర్నాడే నాన్న రైల్లో వచ్చి నన్నూ నా ట్రంకుపెట్టెనూ పట్టుకుపోయారు. ఆ తరవాత పంపలేదు. అప్పట్నించీ ఆయన పెద్ద గుమస్తాగా ఉన్న కొలగారంలోనే నేను చిన్న గుమస్తాను. రైతుల బళ్ళలోంచి బెల్లం దిమ్మలు దిగుతాయి, తూకానికి ఎక్కుతాయి, కొనేవాళ్ళ బళ్ళలోకి ఎక్కుతాయి. వాటిని మోసేది కలాసీ పోతన్న. మోసినట్టు రాసేది నేను. ఇద్దరిలో ఎవరు లేకపోయినా కొలగారం నడుస్తుందా అంటే, నేను లేకపోయినా నడుస్తుంది.

16 జనవరి

మిషన్ ఆస్పత్రి కాంపౌండరు ఎలియాజరుగారు కొలగారానికి వచ్చారు. బెల్లానికి కాదు, నాకోసం. నా జీవితంలో మొదటిసారి నాకోసం ఎవరో ఒకరు రావడం చూసి నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

వాళ్ళ అమ్మాయి స్వర్ణకుమారి ప్రైవేటుగా ఇంటర్మీడియట్ చదివిందట. అన్నీ గట్టెక్కాయి, లాజిక్కు ఒక్కటే పోయింది. మార్చిలో మళ్ళీ కూచోవాలి. "ఊళ్ళో లాజిక్కు సదివినోరు మీరొక్కరే బాబూ" అన్నారు. ఇది నిజమని నాకు తెలుసు. ఇన్నాళ్ళూ ఎవరూ అడక్కపోవడంవల్ల చెప్పుకోలేదు.

ఈ మార్చికే ఎందుకంటే, మిషన్ దొరసానిగారు మాట ఇచ్చారట. పాసైతే మద్రాసులో టీచర్ ట్రెయినింగు సీటు, తరవాత మిషన్ హైస్కూల్లో ఉద్యోగం. కాని ఆవిడ జూలైలో ఓడెక్కి దేశం వెళ్ళిపోతున్నారు. ఆ తరవాత చెప్పేవాళ్ళు లేరు.

"ఈసారి పోతే మరి లేదు బాబూ" అన్నారాయన. ఫీజు మాట ఎత్తబోతే వద్దన్నాను. అయినా నాన్న కడుపునొప్పికి ఒక సీసా మందు పంపించారు. నాన్నకి కడుపునొప్పి లేదు. తాగాక వచ్చింది.

18 జనవరి

మొదటి పాఠం. ఆస్పత్రి వెనక కాంపౌండరు క్వార్టరు, వరండా, మందుపొట్లాలు కట్టే కాగితాలు, ఒక చాక్‌పీసు. ఎలియాజరుగారు లోపల మందులు నూరుతుంటే ఆ కలవం చప్పుడు పాఠానికి తాళం వేస్తున్నట్టే ఉంది.

స్వర్ణకుమారిగారు లాజిక్కు పుస్తకం మొత్తం కంఠస్థం పట్టేశారు. లాటిన్ పేర్లతో సహా. ఏది ఎందుకో ఒక్కటీ తెలీదు. నేను పుస్తకం మూసి బెల్లం తీశాను, అంటే మాటల్లో. ఒక బండి బెల్లం వచ్చిందనుకోండి. దాని గురించి తర్కం ప్రకారం నాలుగు మాటలే చెప్పగలం. దిమ్మలన్నీ తడివి: ఇది ఏ. ఏ దిమ్మా తడిది కాదు: ఇది ఈ. కొన్ని దిమ్మలు తడివి: ఐ. కొన్ని దిమ్మలు తడివి కావు: ఓ. ఈ నాలుగింటినీ నాలుగు మూలలా పెడితే చతురస్రం. ఆవిడ నేలమీద చాక్‌పీసుతో గీశారు. నా గీతలకన్నా తిన్నగా వచ్చాయి.

"తడిసిన దిమ్మ ఒక్కటే ఉంటే 'కొన్ని' అనొచ్చాండీ?" అని అడిగారు.

తర్కంలో ఒక్కటున్నా 'కొన్ని' కిందకే వస్తుందన్నాను. ఒక్కటి చాలు. 'ఏదీ కాదు' అన్న పెద్దమనిషిని పడగొట్టడానికి ఒక్క తడి దిమ్మ చూపిస్తే సరిపోతుంది.

"పాపం, ఒక్కదానికే" అన్నారు, దిమ్మ మీద జాలిపడ్డారో పెద్దమనిషి మీద జాలిపడ్డారో తెలీలేదు.

25 జనవరి, అమావాస్య

బజారు మూత. బండి రాదు, తూకం లేదు. కాని మా కొలగారం గుమ్మంలో నల్లబల్ల మీద, రోజూ రాసే చోట, నాన్న దస్తూరీలో: 'నేటి దిమ్మలన్నీ మేలురకం.'

ఇది మా కొలగారం ఆచారం. బల్ల ఖాళీగా ఉంటే అరిష్టమట. సరుకు వచ్చిన రోజున కొన్ని తడివనీ, కొన్ని నల్లవనీ నిజం రాస్తారు. రాని రోజున మాత్రం అన్నీ మేలురకమే. పోతన్నకి కూడా ఇది నచ్చిన పద్ధతే. "మాకూ మేలురకం రోజంటే అదే గద బాబూ, మొయ్యక్కర్నేదు" అన్నాడు.

స్వర్ణకుమారిగారు అటుగా వెళ్తూ ఆ బల్ల చదివి, మూసిన తలుపులు చూసి, అరుగు మీద కూచున్న నన్ను చూశారు.

"ఒక్క దిమ్మా రాలేదు గదా మాష్టారూ, అన్నీ మేలురకం ఎలాగయ్యేయి?"

అమావాస్య ఎండలో, ఊళ్ళో అందరూ చదివి పక్కకి పోయే వాక్యం దగ్గర ఒక మనిషి ఆగింది.

27 జనవరి

ఈ రోజు కాలేజీలో నాకున్న ఒకే ఒక ఆస్తిని ఖర్చుపెట్టేశాను. బి.ఏ.లో ఉండగా లైబ్రరీలో కొత్త తర్కం పుస్తకం ఒకటి, నలభై పేజీలు చదివాను. ఆ తరవాత లెక్కలున్నాయి, చదవలేదు. ఆ నలభై పేజీల్లోనే మా నల్లబల్ల ఉంది.

పాతకాలపు తర్కం 'అన్నీ' నిజమైతే 'కొన్ని' కూడా నిజమని ఒప్పుకుంటుంది. దిమ్మలన్నీ మేలురకమైతే కొన్ని దిమ్మలు మేలురకమే కదా. దీనికి అడ్డేమిటి? అడ్డు ఖాళీ బండి. కొత్తవాళ్ళు అంటారు: 'అన్నీ' అంటే మేలురకం కానిది ఒక్కటీ లేదని మాత్రమే అర్థం. ఖాళీ బండిలో మేలురకం కాని దిమ్మ ఎక్కడుంది? లేదు. కనక అన్నీ మేలురకమే. నాన్న గెలిచారు. కాని 'కొన్ని' అంటే కనీసం ఒక్కటి ఉండాలి. ఖాళీ బండిలో ఒక్కటి కూడా లేదు. కనక 'అన్నీ' నిజం, 'కొన్ని' అబద్ధం.

"అయితే అన్నీ నాసిరకం అని రాసినా నిజవేనా?"

అదీ నిజమే. ఖాళీ బండి మీద ఏం రాసినా నిజమే.

స్వర్ణకుమారిగారు నేలమీద మళ్ళీ చతురస్రం గీశారు. తరవాత నేలమీది చతురస్రంలో పై గీత చెరిపారు. 'అన్నీ' నుంచి 'కొన్ని'కి దిగే పక్క గీతలు రెండూ చెరిపారు. కింది గీత చెరిపారు. మూలనుంచి మూలకు పోయే రెండు అడ్డ గీతలే మిగిలాయి. అన్నీ అన్న మాటకి కానిది ఒక్కటి, ఏదీ కాదన్న మాటకి ఔనన్నది ఒక్కటి. ఎప్పుడూ ఒకటి నిజం, ఒకటి అబద్ధం. పట్టెలన్నీ ఊడి, నులక మాత్రం ముడిపడి మిగిలిన మంచంలా ఉంది.

"పందొమ్మిది వాద రూపాలు కంఠస్థం చేసేను మాష్టారూ, వాటికేమవుద్ది?"

'అన్నీ' నుంచి 'కొన్ని'కి దిగేవి నాలుగు కూలిపోతాయన్నాను.

ఆవిడ నవ్వారు. నేను చెప్పిందానికి ఎవరైనా అలా నవ్వడం ఇదే మొదలు. నవ్వించాలని చెప్పినవాటికి నవ్వరు.

3 ఫిబ్రవరి

పాఠం.

13 ఫిబ్రవరి

నాన్న భోజనాల దగ్గర, పప్పు వేసుకుంటూ, కాంపౌండరు ఇంట్లో టీ తాగుతున్నానని ఎవరో చెప్పారన్నారు. నేను వైద్యశాస్త్ర సంబంధమైన ద్రవం అన్నాను. ఆయన నవ్వలేదు. పరీక్ష అవగానే మానెయ్యమన్నారు.

పరీక్ష అవగానే ఎలాగూ అయిపోతుంది. ఈ మాట నేను ఆయనకి చెప్పలేదు. నాకు నేను రెండుసార్లు చెప్పుకున్నాను.

గమనిక: వరండాకి వెళ్ళేటప్పుడు తల దువ్వుకుంటున్నది గాలి మూలంగా.

20 ఫిబ్రవరి

స్వర్ణకుమారిగారు ఇవాళ ఒక సందేహం వెలిబుచ్చారు. కొత్తది నిజమని తెలిశాక పాతది రాయడానికి చెయ్యి రావడంలేదట. కాని దిద్దేవారికి ఏది కావాలో! "మీరెవర్నయినా పెద్దోళ్ళని కనుక్కోగలరా మాష్టారూ?"

గలను. కాలేజీలో మాకు తర్కం చెప్పిన త్రినాధరావు మాష్టారికి వెంటనే కార్డు రాశాను. ఆయనే ఒకప్పుడు పేపర్లు దిద్దేవారు. నా బాధ్యత నేను నెరవేర్చాను. ఇక ఈ విషయంలో నేను చెయ్యగలిగింది లేదు.

24 ఫిబ్రవరి, అమావాస్య

నేటి దిమ్మలన్నీ మేలురకం. ఇవాళ బల్ల నేనే రాశాను. నాన్నకి జ్వరం.

3 మార్చి, శుక్రవారం

ఉత్తరం వచ్చింది. త్రినాధరావు మాష్టారు కులాసా. వారి గేదె ఈనిందట. విశేషాలేమీ లేవు.

5 మార్చి

ఎలియాజరుగారు ఉత్సాహంగా ఉన్నారు. అమ్మాయి ఈసారి తప్పకుండా పాసవుతుందనీ, జూన్లో మద్రాసు పంపాలనీ, దుప్పటి కొనాలనీ, అక్కడి నీళ్ళు పడతాయో పడవో అనీ. మద్రాసు ఎంత దూరమని నన్ను అడిగారు. ఐదువందల మైళ్ళ దాకా ఉండొచ్చన్నాను. నిన్న స్టేషన్లో ప్రత్యేకంగా కనుక్కున్నందువల్ల చెప్పగలిగాను.

సెప్టెంబరులో కూడా పరీక్ష పెడతారట. ఇది ఊరికే రాస్తున్నాను. సమాచారం.

పోతన్న ఇవాళ దిమ్మ దింపుతూ నన్ను చూసి ఆగాడు. "ఏటి బాబూ, పొద్దున్నించీ రాసిందే రాత్తన్నారు, కొట్టిందే కొడతన్నారు?"

లెక్క తప్పిందన్నాను.

"తప్పితే దిద్దాలగాని అలా కుళ్ళబొడిత్తే కాయితం సిరుగుద్ది" అన్నాడు.

11 మార్చి

చివరి పాఠం. ఆవిడ ఒక ప్రశ్న అడిగారు. జవాబిచ్చాను.

గాలిగా ఉంది ఇవాళ. చాక్‌పీసు పొడి కళ్ళలో పడింది.

20 మార్చి

పరీక్ష అయిపోయింది. స్వర్ణకుమారిగారు సాయంత్రం రైలు దిగి తిన్నగా కొలగారానికే వచ్చారు. బళ్ళ మధ్యనుంచి, దిమ్మలకు చుట్టే తాటాకు మడతల మీదనుంచి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని. కలాసీలందరూ దారి ఇచ్చారు.

చతురస్రం ప్రశ్న వచ్చింది. పదిహేను మార్కులు. ఆవిడ ఖాళీ బండి మొత్తం రాశారట. అమావాస్య, నల్లబల్ల, మూసిన తలుపులు, అన్నీ. తరవాత వాద రూపాల ప్రశ్న. ఆ నాలుగూ చెల్లవని, ఎందుకు చెల్లవో కారణంతో సహా. తప్పొప్పుల ప్రశ్నలో కూడా అదే ప్రకారం.

"చెయ్యి ఆగలేదు మాష్టారూ. లాజిక్కులో మొదటిసారి నాకు తెలిసింది రాసేను."

బాగా రాశారన్నాను. పోతన్న ఆవిడకి ఒక దిమ్మ మూల విరిచి బెల్లం ముక్క పెట్టాడు. "పాసయ్యే ముక్కండమ్మా" అన్నాడు.

24 మార్చి, అమావాస్య

నేటి దిమ్మలన్నీ మేలురకం.

2 ఏప్రిల్

వరండాకి వెళ్ళడానికి కారణం లేదు. కారణం లేకుండా వెళ్ళకూడదని ఏ తర్కశాస్త్రంలోనూ లేదు కాని, ఊళ్ళో ఉంది.

19 ఏప్రిల్

పోతన్న: "ఆ అమ్మాయి పరిచ్చ ఫలితం ఎప్పుడు బాబూ?"

నాకెలా తెలుస్తుందన్నాను. అది నా చేతిలో లేదన్నాను. అడిగిన దానికన్నా రెండు వాక్యాలు ఎక్కువ చెప్పినట్టున్నాను. వాడు బస్తా దించి నాకేసి చూశాడు.

7 మే

ఎండ. మళ్ళీ ఒక తీర్మానం: ఈ వ్యవహారంలో నేను చేసినది ఏదీ లేదు. పాఠం చెప్పడం చెయ్యడం కాదు, చెప్పడం. కనక నేను చేసిన పనులేవీ ఆవిడకి చెడు చేసినవి కావు. ఈ-రకం వాక్యం. శుభ్రంగా ఉంది.

ఇంకా గొప్ప విశేషం. కొత్త తర్కం ప్రకారం నేను ఏమీ చెయ్యలేదు గనక, నేను చేసిన పనులన్నీ మంచివే. ఏ-రకం. నా బండి ఖాళీ. ఖాళీ బండిలో అన్నీ మేలురకం.

ఖాళీ బండిలో అన్నీ నాసిరకం కూడాననే మాట ఇక్కడ రాయక్కర్లేదు.

26 మే

ఫలితాలు పేపర్లో వచ్చాయి. కొలగారం గుమ్మంలో నిలబడి చదివాను. ఆవిడ నంబరుకి ముందు నంబరు ఉంది. తరవాతి నంబరు ఉంది.

మళ్ళీ చదివాను.

మళ్ళీ.

7 జూన్

ఫీజు కట్టి మార్కులు తెప్పించారు. ముప్ఫయ్యొకటి. ముప్ఫయ్యైదు కావాలి.

ఇందుకు బాధ్యులు ఎవరు? ఒకటి, దిద్దినవారు. ఖాళీ బండి అర్థం కాని మనిషికి పేపర్లు ఇచ్చినవాళ్ళు రెండు. రెండువేల ఏళ్ళ కిందట అన్ని బళ్ళలోనూ సరుకు ఉంటుందని నమ్మిన గ్రీకు పెద్దాయన మూడు. జపానువాడు నాలుగు, వాడు బాంబులు వెయ్యకపోతే నేను ఇక్కడ ఉండేవాణ్ణే కాదు. అరిష్టానికి భయపడి అమావాస్యనాడు బల్ల మీద రాసే నాన్న ఐదు. ఆ రోజు అటుగా నడిచి వెళ్ళినందుకు ఆవిడే ఆరు.

ఏడు లేదు. వెతికాను.

8 జూన్

కారణం దొరికింది. సానుభూతి తెలపడం. వెళ్ళాను.

ఎలియాజరుగారు కలవం పక్కన ఊరికే కూచున్నారు, నూరడంలేదు. దుప్పటి కొనేశారట. నన్ను చూసి లేచి నిలబడ్డారు. అది భరించడం కష్టమైంది. నేను తయారుచేసుకున్న వాక్యం చెప్పాను: సెప్టెంబరులో మళ్ళీ కూచోవచ్చు, నేను రేపటినుంచే మొదలుపెడతాను, ఈసారి పాత పద్ధతిలోనే, ఒక్క మార్కూ పోనివ్వను.

స్వర్ణకుమారిగారు లోపల్నించి వచ్చారు. చెప్పింది ఆవిడే, తండ్రి తలకాయ వంచుకున్నారు.

"సెప్టెంబరుకి దొరసానిగారుండరు గదండీ. పాసయ్యి ఏం చేస్తాను? మే నెల్లో పేపర్లో చూసి మిలిటరీ ఆస్పత్రికి అర్జీ పెట్టేను, ఎందుకైనా ఉంటదని. నర్సులు కావాలట. ఇంగ్లీషొస్తే చాలట. రమ్మని కాయితం వచ్చింది."

ఎక్కడికని అడిగాను.

"ముందు కలకత్తా. నేర్పినాక అస్సాం అంటన్నారు."

అస్సాం అంటే ఈ ఏడు పేపరు చదివే ఎవరికైనా తెలుసు. జపానువాడు అక్కడ సరిహద్దులోపలికి వచ్చేసి ఉన్నాడు. ఎలియాజరుగారికి కూడా తెలుసు. ఆయన నాకేసి చూశారు, నేనేదైనా అంటానేమోనని, చదువుకున్నవాణ్ణి గదా.

ఒక గ్లాసు నీళ్ళడిగి తాగి వచ్చేశాను.

9 జూన్

నేనేం చెయ్యగలను?

10 జూన్

నేను చెయ్యగలిగినవి: దొరసానిగారికి ఉత్తరం రాయడం. రాశాను, చింపాను. దానిలో ఒక విషయం రాయకపోతే ఉత్తరానికి అర్థం లేదు. రాస్తే నాకు అర్థం లేదు.

అంటే నేను చెయ్యగలిగింది లేదు.

15 జూన్

స్టేషను. పదకొండు గంటల పాసింజరు. పెట్టెల నిండా సోల్జర్లు. ఆడవాళ్ళ పెట్టె చివర్న ఎక్కడో దొరికింది. ట్రంకు పోతన్న మోశాడు, రమ్మని ఎవరూ అనలేదు, కొలగారంలో సెలవు చీటీ కూడా పెట్టకుండా వచ్చాడు. ఎలియాజరుగారు ఒక సీసా చేతికిచ్చి ఎప్పుడు ఎన్ని చుక్కలు వేసుకోవాలో చెప్తున్నారు, మళ్ళీ మొదటినుంచి చెప్తున్నారు. ఆవిడ కొత్త దుప్పటి చంకన పెట్టుకుని అన్నిటికీ సరే అంటున్నారు.

కిటికీలోంచి నాకు తన లాజిక్కు నోట్సు అందించారు. వచ్చే ఏడు ఎవరికైనా చెప్తే పనికొస్తుందని. మొదటి పేజీలో చతురస్రం, పక్కలు చెరిపేసి.

"మాష్టారూ, ఒక మాట. మీరు చెప్పింది తప్పు కాదు కదా?"

కాదన్నాను. తప్పు కాదు. అది మాత్రం నిజం.

"అయితే పోనీలెండి" అన్నారు. "నిజం రాసే పోయేను. దానికేటి, తప్పు రాసి పోతే ఏడవాలి గాని."

రైలు కదిలాక ఎలియాజరుగారు నా చెయ్యి పట్టుకున్నారు. మీరు కష్టపడ్డారు బాబూ అన్నారు. నా చేతులు ఆయన రెండు చేతుల్లో ఉన్నాయి. వెనక్కి ఎలా తీసుకోవాలో తెలీలేదు.

పోతన్న నాతోనే తిరిగొచ్చాడు. కొలగారం వీధి మొదట్లో, ఎటో చూస్తూ, "బాబూ, ఆ సీటీ ఏటో మీ చొక్కా జేబులోనే ఉంటంది మార్చి నెల నుంచీ. ఉతికినప్పుడు తీత్తారు, మళ్ళీ పెడతారు" అన్నాడు.

చీటీ కాదు, ఉత్తరం అన్నాను.

ఎవరి దగ్గర్నుంచని అడగలేదు. అడిగితే చెప్పేసేవాణ్ణి అనుకుంటున్నాను. అనుకోవడానికి ఏముంది.

18 జూన్

ఆవిడ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. మూడు రోజులకి ఎలా వస్తుంది?

20 జూన్, అమావాస్య

పొద్దున్న నాన్న బల్ల రాయమన్నారు. చాక్‌పీసు తీసుకున్నాను. 'నేటి దిమ్మలన్నీ' వరకూ రాసి ఆగిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో, లోపల్నించి ఆయన వచ్చి, నన్ను చూసి, చాక్‌పీసు నా చేతిలోంచి తీసుకుని మిగతాది తనే రాశారు. "వెళ్ళి కూచో" అన్నారు.

కూచున్నాను. ఈ పుస్తకం మొదటినుంచి చదివాను. చాలా హాస్యంగా ఉంది. నేను చేసిన పని ఏదీ ఉండదని మొదటి పేజీలో మాట ఇచ్చాను. నిలబెట్టుకున్నాను కూడా. జనవరినుంచి జూన్ దాకా ఒక్క పని లేదు. బండి ఖాళీ. నేను చేసినవన్నీ మంచివే, బల్ల మీద రాసుకోవచ్చు.

'ఏదీ లేదు' అన్న మాటకి ఎదురుగా, మూలనుంచి మూలకు, ఒక గీత ఉంది. ఆవిడ చెరపకుండా ఉంచినది. ఆ గీత అవతల కొసని ఒక్కటి చాలు. ఇది నేనే చెప్పాను, మొదటి రోజున. ఒక్కటున్నా 'కొన్ని' కిందకే వస్తుంది.

మార్చి మూడున వచ్చిన ఉత్తరంలో గేదె సంగతి చివర్న ఉంది. పైన మూడు వాక్యాలున్నాయి. 'ఆ అమ్మాయిచేత పాత పద్ధతే రాయించు. దిద్దేవారందరూ పాతవారే, కొత్తది రాస్తే సున్న వేస్తారు. పాసయ్యాక కొత్తది ఎంతైనా చదువుకోవచ్చు.' నాలుగుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడే సెప్టెంబరు గుర్తొచ్చింది. ఆరు నెలలు, అదే వరండా, అదే చాక్‌పీసు.

మార్చి పదకొండున ఆవిడ అడిగిన ప్రశ్న ఇది: "పెద్దోళ్ళని కనుక్కున్నారా మాష్టారూ? ఏది రాయమన్నారు?"

ఉత్తరం నా జేబులో ఉంది. మడతలు చేతికి తగులుతున్నాయి.

కనుక్కున్నానండీ, కొత్తదే రాయమన్నారు, అన్నాను.